ఎడమకి లాగే కారు

మొన్న మా మనవరాలు లలిత, కొత్తగా కొన్న కారులో నన్ను కూచోబెట్టుకుని కడియం తీసుకెళ్లింది, కుండీల్లోకి నాలుగు మొక్కలు తెచ్చుకుందామని. పక్కింటివాళ్ల గోడ మీంచి కొమ్మ విరిచి గుచ్చితే బతికే మొక్కకి డబ్బు పోసి కొనడమెందుకని దారి పొడుగునా నా గొడవ నాది. వేమగిరి దాటాక ఊరుకున్నాను. పిల్ల స్టీరింగుని రెండు చేతులా పట్టుకుంది గానీ కుడి చెయ్యి ఎడమ చేతికంటే బిగుసుకుని ఉంది. "ఏమే, ఎడమకి లాగుతోందా?" అన్నాను. "నీకెలా తెలిసింది నాన్నమ్మా? నువ్వు ఎప్పుడైనా కారు తోలావా ఏంటి?" అని నవ్వింది. ఎలైన్‌మెంట్ తప్పి ఉంటుందట, షోరూములో ఇస్తే కంప్యూటరు పది నిమిషాల్లో చెప్పేస్తుందట. అంతే, దానికి ఆ సంగతి అక్కడితో సరి. నాకే ఆ రోజు నించీ ఒక చోట కూచోబుద్ధి కావడం లేదు. కందిపప్పు చేటలో పోసుకుని నాలుగు రాళ్లు ఏరేసరికి లేచిపోతున్నాను. వీధిలో ఏ బండి ఆగినా వెళ్లి దాని చక్రాల కేసి చూసి వస్తున్నాను. ఎవరైనా చూస్తే ముసలిదానికి మతి పోయిందనుకుంటారు.

అప్పట్లో మేం మండపేటలో ఒక రైసుమిల్లు వెనక పెంకుటింట్లో ఉండేవాళ్లం. మా ఆయన ఆ మిల్లు షావుకారుగారి కారు డ్రైవరు. ఇల్లు షావుకారుగారిదే, డ్రైవరు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మాది. తెల్లవారితే ఉప్పుడు ధాన్యం ఉడికిన కమురు వాసన ఇంట్లోకొచ్చి కూచునేది, ఆరేసిన బట్టలకీ అదే, మజ్జిగకీ అదే. మిల్లు ఊక ఊరికే వస్తుంది కనక నాది ఊకపొయ్యి. మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ ఊక కూరి అదిమి, రోకలి మెల్లిగా పైకి లాగితే కన్నం పడుతుంది. అందులో నిప్పు వేస్తే పూట వంట అయిపోయేది. కట్టెలు కొనుక్కునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. నేను చదివింది మూడో తరగతి, అదీ సగం. కానీ ఇంట్లోకొచ్చిన వస్తువు ఏదీ రెండుసార్లు పనికిరాకుండా బయటికి పోనిచ్చేదాన్ని కాదు. మా మావగారు వెనకటికి ఎద్దుబండి మీద మిల్లుకి ధాన్యం తోలినవారు. చూపు తగ్గాక అరుగు మీద కూచుని చుట్ట కాల్చుకుంటూ, రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని "ఇరుసుకి ఆముదం లేదురా సన్నాసీ" అని కనపడనివాణ్ణి తిట్టేవారు. ఆ చుట్ట సగం కాలాక నేనే ఆర్పించి గూట్లో పెట్టించేదాన్ని, రెండో సగం సాయంత్రానికి. ఆయన దానికీ ఒప్పుకున్నారు పాపం.

కారు కడగడంలోనూ నా పెత్తనమే. మా ఆయన మొదట్లో మిల్లు తొట్లోంచి బక్కెట్లతో నీళ్లు మోసి, సబ్బు పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచేవారు. పొద్దుటి పూట సగం అక్కడే పోయేది. "ఎదురుగా కాలవ నిండా నీళ్లుంటే బక్కెట్లు మొయ్యడమేంటండీ, రేవులోకి దింపెయ్యండి" అన్నాను. ఊళ్లో గేదెల్ని కడిగేదీ అక్కడే, ఎడ్లబళ్లు కడిగేదీ అక్కడే, లారీలవాళ్లూ అంతే. రేవుకి కుడి పక్క చాకలి బండ ఉండేది కనక కారుని ఎడమ పక్కకి ఒదిగించి దింపాలి. ముందు ఎడమ చక్రం బొడ్డు దాకా మునిగేది. నేనూ చీర కుచ్చెళ్లు దోపుకుని దిగి గోనెముక్కతో రుద్దేదాన్ని. గోదావరి వరదకి కాలవలోకి ఎర్రనీరు వచ్చిన రోజుల్లోనూ మానలేదు. కడిగాక తడి ఆరేదాకా రోడ్డు మీద ఒకసారి తిప్పుకొస్తానంటే, పరాయివాళ్ల పెట్రోలైనా పెట్రోలేనని పోనిచ్చేదాన్ని కాదు. తడి తడిగానే తెచ్చి షెడ్డులో పెట్టేవారు.

ఆ మరుసటి వేసవిలో, కాలవలు కట్టేసి ఊరంతా ఎండిన బురద వాసన కొడుతున్నప్పుడు మొదలైంది. కారు ఎడమ పక్కకి పోతోందని మా ఆయన అన్నం తింటూ అన్నారు. నేను పట్టించుకోలేదు. తరవాత షావుకారుగారే అన్నారు. మిల్లు గేటు ముందు, హమాలీలందరూ వింటుండగా. "ఏమయ్యా సత్యం, రామచంద్రపురం వెళ్లేలోపు మూడుసార్లు మట్టిలోకి దింపావు. ఏంటి సంగతి?"

"బండే లాగుతోందండి."

"బండి లాగడమేంటయ్యా. తోలేది నువ్వా, అదా?"

హమాలీలు నవ్వారు. మా ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మళ్లీ తీసి, మళ్లీ తగిలించారు. అలా మొదలైన చెయ్యి కుదురు లేకపోవడం మూడు నెలలు పోలేదు.

అరుగు మీంచి మా మావగారు కలగజేసుకున్నారు. "ఒరేయ్, ఎద్దు లాగితే బండి ముందుకి పోతుంది. పక్కకి పోయిందంటే ఆ పక్క చక్రం ఏదో నేను రానంటోందన్నమాట. చక్రం చూసుకో." "కారుకి ఎడ్లెక్కడివి మావయ్యగారూ, మీ చుట్ట మీరు కాల్చుకోండి" అన్నాను నేను. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

షావుకారుగారు అప్పారావు మేస్త్రీని పిలిపించారు. ఊళ్లో ఇంజనుల పని తెలిసిన మనిషి ఆయనే. ఆయన ఊరికే చూసి చెప్పేసే రకం కాదు. రోడ్డు రెండు పక్కలకీ వాలి ఉంటుంది, ఏ కారైనా వాలు పక్కకే పోతుంది, రోడ్డు మీద చూస్తే తెలీదు, చదును కావాలి అన్నారు. మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు ఊడ్పించారు. నాలుగు చక్రాల్లో గాలి చూశారు. సమంగానే ఉంది. ముందు చక్రాలు రెండూ ఊడదీసి దీన్నటూ దాన్నిటూ మార్చారు. టైరులో తప్పుంటే లాగడం కుడికి మారాలట. వెనక చక్రం నించి ముందు చక్రానికి నూలుదారం కట్టి బిగించి, ఒక కన్ను మూసి చూశారు. మా అమ్మ పందిరి రాటలు వరసగా పాతించేటప్పుడు అలాగే చూసేది. కారు కింది స్ప్రింగు కమ్మీలు కుంగాయేమోనని జానలతో ఎత్తు కొలిచారు. అంతా అయ్యాక తానే ఎక్కి, గచ్చు ఈ చివర్నించి ఆ చివరికి స్టీరింగు వదిలేసి తోలారు. కారు గీత గీసినట్టు పోయింది. మళ్లీ తోలారు. మళ్లీ అంతే. దిగి చేతులు తుడుచుకుంటూ, మా ఆయన కేసి చూడకుండా, "బండిలో ఏం లేదండి షావుకారుగారూ" అన్నారు.

బండిలో ఏం లేదంటే ఇంక ఉన్నదెవరిలో? షావుకారుగారు గట్టిగా కూడా అనలేదు. "వయసు మీద పడుతోందిగా సత్యం. కళ్లు కావచ్చు. ఆషాఢం వెళ్లాక కొత్త డ్రైవరుని పెడతాను. నువ్వు గేటు దగ్గర కూచుందువుగాని" అన్నారు. మా ఆయనకి అప్పటికి నలభై అయిదు నిండలేదు. గేటు దగ్గర కూచునేవాడికి ఇల్లివ్వరు. ఆ సంగతి ఆయనా అనలేదు, మేమూ అడగలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకుండా పోవచ్చు గానీ, చెప్పకపోతే మిగతాదంతా దండగ. ఆ రోజుల్లో నేను కూడా ఆయన్ని నమ్మలేదు. సాయంత్రం ఇంటికి రాగానే మంచినీళ్లు ఇచ్చే వంకన దగ్గరికెళ్లి నోటి వాసన చూసేదాన్ని. ఆయన ఎప్పుడూ కల్లు కూడా ముట్టని మనిషి. వాసన లేకపోతే సంతోషించాలి కదా, లేదు, అయితే కళ్లే పోయాయని ఇంకో దిగులు. ఒకనాడు మధ్యాహ్నం కిటికీ దగ్గర కూచోబెట్టి సూదీ దారం చేతికిచ్చాను. "రవిక చిరిగింది, నాకు ఆనడం లేదు, కాస్త ఎక్కించి పెట్టండి" అన్నాను. నాకు చీకట్లో కూడా సూది ఎక్కించే చూపుందని ఆయనకి తెలుసు. నా కేసి ఒక్కసారి చూశారు. దారం కొస తడి చేసి, మొదటిసారికే ఎక్కించి, ముడి కూడా వేసి, నా చేతిలో పెట్టి, "కుట్టుకో" అని లేచి వెళ్లిపోయారు. చిరిగిన రవిక లేదు. ఆ సూదిని ఏం చెయ్యాలో తెలీక గోడ కేలెండరుకి గుచ్చాను.

పెద్దాపురం మరిడమ్మ జాతరకి షావుకారుగారి భార్య వెళ్లాలి. ఆవిడకి ఏటా మొక్కు. మేమంతా అమ్మగారనేవాళ్లం. కొత్త డ్రైవరు ఇంకా రాలేదు. ఆవిడ కారు దగ్గర నిలబడి ఎక్కనా వద్దా అని కాసేపు ఊగి, చివరికి నన్ను పిలిపించారు. "నువ్వూ ఎక్కవే. పెళ్లాం కూడా ఉంటే జాగ్రత్తగా తోలతాడు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఒళ్లో అమ్మవారి చీర, చలివిడి గిన్నె పెట్టుకుని వెనక సీట్లో కూచున్నాను. అమ్మగారి మంచినీళ్ల చెంబు కూడా నా దగ్గరే. ఆ కారుని అన్నాళ్లు రుద్ది కడిగినదాన్ని, లోపల కూచోడం అదే మొదలు.

ద్వారపూడి దాకా ఏమీ లేదు. తిన్నగా, మెత్తగా పోయింది. నేనూ అనుకున్నాను, ఇన్నాళ్లూ ఈయనకేదో భ్రమ అని. ద్వారపూడి దాటాక ఆయన కుడి జబ్బ మీద నరం లేచింది. వెనకనించి నాకు కనిపిస్తూనే ఉంది, కుడికి పట్టి ఉంచుతున్నారు, పట్టి ఉంచుతున్నారు, అయినా కారు ముక్కు ఎడమకే, ఎడమ పక్క కాలవ, కొత్తగా వదిలిన నీళ్లు ఒడ్డు ఒరుసుకుంటూ. అమ్మగారు కళ్లు మూసుకుని మరిడమ్మతల్లీ మరిడమ్మతల్లీ అంటున్నారు. అప్పుడు నాకు వాసన తగిలింది. పొయ్యి మీద పెట్టి మర్చిపోయిన ఉత్తి మూకుడు వాసన. ఊక కాదు, బట్ట కాదు, ఇనుము. మొదట పెరట్లో పొయ్యి ఆర్పానా అనుకున్నాను, అంత దూరం నించి ఎలా వస్తుందని కూడా తోచలేదు. తరవాత అరుగు మీంచి మావగారి గొంతు వినపడినట్టయింది, చక్రం రానంటోందని.

"ఆపండి" అన్నాను.

"ఏంటే, భయమా?" అన్నారు అమ్మగారు కళ్లు తెరిచి.

"మాడుతోందండి. ఆపండి మీరు."

దిగి, చెంబులో నీళ్లు చేతిలో పోసుకుని, ముందు కుడి చక్రం మధ్యనున్న ఇనప బొడ్డు మీద చిలకరించాను. దిబ్బరొట్టె పిండి వేసే ముందు మూకుడు కాగిందో లేదో చూస్తామే, అలా. నీళ్లు జారి కింద పడ్డాయి. వెనక రెండింటి మీదా అంతే. ముందు ఎడమ దాని మీద చల్లేసరికి చుయ్యిమంది. చుక్కలు ఎగిరి నా పాదాల మీద పడ్డాయి. మళ్లీ చల్లాను, మళ్లీ చుయ్యిమంది. అమ్మగారు కిటికీలోంచి తల బయట పెట్టి, "ఓసినీ, చక్రం కాగిపోయిందే!" అన్నారు. మా ఆయన వచ్చి దాని ముందు గొంతుక్కూచున్నారు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నేను కాదు" అన్నారు. మాకు చెప్పడం కాదది. తనకి తను చెప్పుకోవడం.

చల్లారేదాకా ఆగి, మెల్లిగా వెళ్లి, దణ్ణం పెట్టుకుని వచ్చాం. మర్నాడు పొద్దున్నే అప్పారావు మేస్త్రీ ఆ చక్రం ఊడదీసి, దాని వెనకనున్న గుండ్రటి ఇనప గిన్నెని సుత్తితో తట్టి తట్టి లాగారు. గిన్నె ఊడి రాగానే దానితో పాటు ఎర్రమట్టి, కుండపెంకుల్లా ఎండిపోయి, దోసెడు రాలింది. లోపలి స్ప్రింగు తుప్పు పట్టి వేలెడు ముద్దలా ఉంది. "బ్రేకు తొక్కి వదిలాక మూడు చక్రాలకి వదుల్తోంది, దీనికి వదలడం లేదు. పోయేకొద్దీ కాగుతుంది, కాగేకొద్దీ పట్టేస్తుంది. గచ్చు మీద ఈ చివర్నించి ఆ చివరికి పోతే ఏం తెలుస్తుంది? పొరపాటు నాది సత్యంగారూ" అన్నారు మేస్త్రీ. షావుకారుగారు పంచె ఎగ్గట్టి వంగి చూస్తున్నారు. మేస్త్రీ మట్టిని వేళ్లతో నలిపి, "కాలవ ఒండ్రండి ఇది. ఈ కారు చేపల వేటకెళ్లిందా ఏంటి?" అన్నారు.

నేను షెడ్డు గోడ పక్కన నిలబడి ఉన్నాను. నా చేతుల్లో ఏమీ లేదు, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేనేనండి" అన్నారు మా ఆయన. "రేవులోకి దింపి కడిగేవాణ్ణి."

షావుకారుగారు నడుం నిటారు చేశారు. "అయితే కళ్లు బాగానే ఉన్నాయన్నమాట. బుద్ధే లేదు. కొత్తతనికి మాట ఇచ్చేశాను, రేపు తాళం ఇచ్చెయ్" అన్నారు.

పక్కన మిల్లు ఇంజను పట్టా టపటపా కొట్టుకుంటోంది. నేనే దింపించానంటే డ్రైవరు పెళ్లాం మాట విని కారు పాడు చేశాడంటారు, చెప్పకపోతే ఉద్యోగం పోతుంది, రెంటిలో ఏది తక్కువ నష్టమని నా బుర్ర బేరమాడుతోంది. మా ఆయన నా కేసి చూడలేదు. చూసి ఉంటే నేను కోపం తెచ్చుకునేదాన్నేమో. చూడలేదు కనక మాట్లాడాను.

"ఆయన కాదండి, నేను. బక్కెట్లతో కడుగుతుంటే వద్దని రేవులోకి దింపించింది నేను. తడి ఆరబెట్టొస్తానంటే పెట్రోలు దండగని పోనివ్వనిదీ నేనే. తాళం తీసుకుంటే తీసుకోండి గానీ, బుద్ధి లేదన్న మాట మాత్రం ఇటు తిరిగి అనండి."

మేస్త్రీ మట్టి పారబొయ్యడం ఆపేశారు. షావుకారుగారి మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. పక్కనే వాళ్ల మేడ మీంచి అమ్మగారు అన్నీ వింటున్నట్టున్నారు, పైనించి కేకేశారు. "చక్రం మాడబెట్టిందీ అదే, కనిపెట్టిందీ అదే. ఊరుకోండి, నేను మళ్లీ కొత్త మనిషి తోలే కారెక్కను!"

షావుకారుగారు చుట్టూ చూసి, గొంతు సవరించుకుని, "ఆ కొత్తతన్ని లారీ మీదికి పంపిద్దాం. సత్యం, తాళం నీ దగ్గరే ఉంచు. కానీ ఇకనించి మీ ఆవిడ మాట పొయ్యి దగ్గరే చెల్లుతుంది, కారు దగ్గర కాదు" అన్నారు. నాకు అవమానమే అయింది. నోరు మూసుకుని పడ్డాను.

ఇప్పుడు మా లలిత కారుని యంత్రం మీదికి ఎక్కిస్తే ఏ చక్రం ఎంత వంగిందో అంకెలు పడతాయట. ఎవరూ ఆ పిల్లని కళ్లు చూపించుకోమనలేదు, ఎవరూ దాని నోటి వాసన చూడలేదు. మంచిదే. మా కాలంలో ముందు మనిషిని పట్టుకుని, ఆ తరవాత చక్రం దగ్గరికి వెళ్లేవాళ్లం. చక్రం బాగయ్యాక మనిషి కూడా బాగయ్యాడనుకుని ఇంటికి పోయేవాళ్లం.

కారు బాగయిన మర్నాడు మా ఆయన పొద్దున్నే ఇంట్లోకొచ్చి, "ఒక్కసారి వచ్చి కూచోవే" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఏదీ అడగని మనిషి. ఊక కూరుతున్న చేతులు తుడుచుకుని వెళ్లి ముందు సీట్లో కూచున్నాను. ఊరు దాటేసరికి నాకు అర్థమైంది. కారు కుడికి పోతోంది. ఎదురొచ్చిన ఎద్దుబండివాడు, "ఓ డ్రైవరుగారూ, మీ పక్క మీరు రండి బాబూ!" అని అరిచాడు. మూడు నెలలు కుడికి పట్టి ఉంచిన చేతులు, లాగేది పోయినా పట్టు మానలేదు. ఆయన ఎడమకి సర్దుకుంటున్నారు, మళ్లీ తెలీకుండా కుడికి పడుతున్నారు. నుదుటి మీద చెమట. "మేస్త్రీ బాగుచేశాడు. ఇప్పుడు నిజంగా నేనే" అన్నారు.

నా తప్పే అని షావుకారుగారి ముందు చెప్పగలిగాను గానీ, ఈయనకి మాత్రం చెప్పలేదు అప్పటిదాకా. సూది సంగతి అసలే చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. రోడ్డు ముందు ఖాళీగా ఉంది, రెండు పక్కలా ఆకుమళ్లు, మనిషి లేడు, బండి లేదు.

"చేతులు వదలండి" అన్నాను.

"మతి పోయిందా?"

"ఎవరూ రావడం లేదు. కాస్త మెల్లిగా పోనిచ్చి వదలండి. నేను చూస్తున్నానుగా."

ముందు ఎడమ చెయ్యి తీశారు. తరవాత కుడి చేతి వేళ్లు, ఒక్కోటీ. కారు అటూ పోలేదు, ఇటూ పోలేదు. ఒక తాటిచెట్టు దాటింది, ఇంకోటి దాటింది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని, రోడ్డు కేసి చూడ్డం మానేసి వాటి కేసే చూసుకుంటున్నారు. రోడ్డు నేను చూస్తూ కూచున్నాను.